యల్లాప్రగడ సుబ్బారావు: మందు ఇచ్చిన మనిషి, మందు ఆపే వేళ

మా పత్రికకు వచ్చే ప్రార్థన మనవులలో ఒక రకం మనవి పదే పదే కనిపిస్తుంది. భూపాలపల్లి నుంచి, మహబూబాబాద్ నుంచి, జనగామ పక్క పల్లెల నుంచి వచ్చేవాటిలో పేర్లు మారతాయి, సంగతి మారదు. ఇంటి పెద్దకు కాన్సర్. వరంగల్‌లో చూసినవారు ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారు. మనసు ఒప్పక హైదరాబాద్ తీసుకుపోతున్నారు. అక్కడ ఇంకో విడత కీమో ఇచ్చి చూద్దామంటున్నారు. డబ్బు కోసం అర ఎకరం బేరం పెట్టారు. స్వస్థత కోసం ప్రార్థించమని అడుగుతారు. ఆ కీమో ఇప్పించాలా, వద్దా అని మాత్రం ఎవరూ అడగరు. అడిగితే విశ్వాసం తగ్గిందనుకుంటారేమోనని భయం. తల్లికి, తండ్రికి ఖర్చుకు వెనకాడారని ఊరు అంటుందేమోనని ఇంకో భయం.

ఆ మాట ఎత్తడానికి మేము ఒక తెలుగు మనిషి జీవితాన్ని ఆసరా చేసుకుంటున్నాము. కీమో అనే వైద్యం పుట్టుకలో చేయి ఉన్నవాడు, మన గోదావరి జిల్లావాడు, డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన మన మతస్థుడు కాడు. యౌవనంలో రామకృష్ణ మిషన్‌లో సన్యాసం పుచ్చుకోవాలనుకున్నవాడు. అయినా రోగుల మంచం దగ్గర కూర్చునే ప్రతివారూ తెలుసుకోదగిన బ్రతుకు ఆయనది.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి, అనారోగ్యంతో ముందే ఉద్యోగం మానుకున్నారు. తల్లి వెంకమ్మ గట్టి మనిషి. పదమూడేళ్ళ వయసులో ఈ కుర్రవాడు కాశీకి పోయి యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి ధనవంతుడినవుదామని ఇల్లు విడిచి బయలుదేరితే, ఆమె వెనక్కు రప్పించి మళ్ళీ బడిలో కూర్చోబెట్టింది. తండ్రి పోయాక నగలు అమ్మి చదివించింది. మెట్రిక్ పరీక్ష రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి గట్టెక్కాడు. తర్వాత ప్రెసిడెన్సీ కాలేజీ. సన్యాసానికి తల్లి ఒప్పుకోలేదు. మిషన్ పెద్దలూ ఆమె అనుమతి లేకుండా చేర్చుకోలేదు. వైద్యం చదివితే మిషన్ ఆసుపత్రులలో సేవ చేయవచ్చనే ఆలోచనతో మద్రాసు మెడికల్ కాలేజీలో చేరాడు. ఫీజు కట్టే స్తోమత లేదు. కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు తన కుమార్తె శేషగిరిని ఇచ్చి పెళ్ళి చేసి, చదువు ఖర్చు భరించారు.

గాంధీగారి పిలుపు విని ఆపరేషన్ గదికి కూడా ఖద్దరు తొడుక్కుపోయినందుకు సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్ దొరకు కోపం వచ్చింది. రాత పరీక్షలు బాగా రాసినా పూర్తి ఎం.బి.బి.ఎస్. పట్టా రాలేదు. తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్. తో సరిపెట్టారు. దానితో ప్రభుత్వ ఉద్యోగం దొరకక, ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించాడు.

ఆ సంవత్సరాలలోనే ఇంటిమీద పిడుగు పడింది. అన్నదమ్ములిద్దరు, పురుషోత్తం, కృష్ణమూర్తి, కొద్ది రోజుల తేడాలో చనిపోయారు. స్ప్రూ అనే జబ్బు. తిన్నది ఒంటబట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం తరిగిపోతుంది, మనిషి కళ్ళముందే ఎండిపోతాడు. అప్పటికి దానికి మందు లేదు. వైద్యం చదివినవాడు ఇంట్లో ఉండి కూడా చేయగలిగింది ఏమీ లేకపోయింది. మందు లేని మరణం ఎలా ఉంటుందో అతనికి అప్పుడే తెలిసింది. ఆ తర్వాత అతని జీవితమంతా ఆ ఖాళీ చేతులతో జరిపిన పోరాటమేనని మాకనిపిస్తుంది.

కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయంతోనూ, మామగారి సాయంతోనూ 1922 అక్టోబరు 26న బోస్టన్‌లో దిగాడు. జేబులో మిగిలింది స్వల్పం. పొట్టకూటికి పీటర్ బెంట్ బ్రిగ్‌హామ్ ఆసుపత్రిలో రాత్రి పనివాడిగా రోగుల మలమూత్రపు పాత్రలు కడిగాడు. పగలు హార్వర్డ్‌లో చదివాడు. భార్య గర్భవతిగా ఉండగా వచ్చాడు; పుట్టిన కొడుకు పసితనంలోనే చనిపోయాడు. ఆ బిడ్డను ఆయన చూడలేదు. భార్యను కూడా మళ్ళీ చూడలేదు. మూడేళ్ళలో తిరిగి వస్తానని పోయిన మనిషి ఇరవై ఆరేళ్ళకు అక్కడే కన్నుమూశాడు.

హార్వర్డ్‌లో చేసిన పని గురించి పెద్ద పుస్తకమే రాయవచ్చు. ఇక్కడ రెండు ముక్కలు చాలు. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో కొలిచే పద్ధతిని 1925లో సైరస్ ఫిస్క్‌తో కలిసి కనిపెట్టాడు. వైద్య విద్యార్థులు ఆ ఇద్దరి పేర్లతోనే దాన్ని చదువుకున్నారు. కండరం పని చేయడానికి శక్తి ఎక్కడినుంచి వస్తుందో చూపే ఫాస్ఫోక్రియాటిన్, ఏ.టి.పి. అనే పదార్థాలను 1927, 1929 సంవత్సరాలలో వెల్లడించారు. ఇంత చేసినా హార్వర్డ్ ఆయనకు స్థిరమైన పదవి ఇవ్వలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ఔషధ ప్రయోగశాలకు వెళ్ళిపోయి, కొద్దికాలంలోనే అక్కడి పరిశోధనలకు పెద్ద అయ్యారు.

అక్కడ ఆయన బృందం 1945 నాటికి ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారు చేసింది. గర్భిణులకు మన అంగన్‌వాడీలలో, పీహెచ్‌సీలలో ఇచ్చే ఐరన్ బిళ్ళలో ఉండేది ఇదే. ఇది స్ప్రూ రోగులకు ఇస్తే కోలుకున్నారు. తమ్ముడూ అన్నా పోయిన పాతికేళ్ళకు పైబడి ఆ మందు ఆయన చేతికి వచ్చింది. బోదకాలు రాకుండా ఇంటింటికీ తిరిగి మింగించే డీఈసీ మాత్ర కూడా ఆయన బృందం తెచ్చినదే.

ఇక అసలు సంగతి. బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు ఉండేవాడు. చనిపోయిన పిల్లల శరీరాలను పరీక్షించడం ఆయన ఉద్యోగం. రక్త కాన్సర్ వచ్చిన పిల్లలు ఆ రోజుల్లో వారాలలోనో, కొద్ది నెలలలోనో పోయేవారు. మినహాయింపు లేదు. రక్తహీనతకు ఫోలిక్ ఆమ్లం పనిచేస్తోంది కదా, దీనికీ పనిచేస్తుందేమోనని ఫార్బర్ కొందరు పిల్లలకు ఇచ్చి చూశాడు. జబ్బు తగ్గకపోగా ఇంకా వేగంగా పెరిగింది. ఎవరైనా అక్కడితో ఆగిపోయేవారు. ఫార్బర్ తలకిందులుగా ఆలోచించాడు: ఫోలిక్ ఆమ్లం కాన్సర్ కణాలకు ఎరువైతే, దానికి విరుగుడు ఆ కణాలను మాడ్చాలి. ఆ విరుగుడు మందులు సుబ్బారావు బృందం దగ్గర ఉన్నాయి. రూపంలో ఫోలిక్ ఆమ్లంలా ఉండి, కణాన్ని మోసగించి, పని మాత్రం చెడగొట్టే పదార్థాలు. వాటిలో ఒకటి అమినోప్టెరిన్. పెర్ల్ రివర్ నుంచి బోస్టన్‌కు పొట్లం వచ్చింది. 1947 డిసెంబరు చివర చావుకు దగ్గరైన ఒక రెండేళ్ళ పిల్లవాడికి దాన్ని ఎక్కించారు.

కొద్ది రోజులలో ఆ పిల్లవాడి రక్తంలో చెడ్డ కణాలు తగ్గాయి. లేవలేనివాడు నడిచాడు, తిన్నాడు, కవల సోదరుడితో ఆడుకున్నాడు. 1948 జూన్ 3న ఫార్బర్ ఆ ఫలితాలను ప్రచురించాడు. పదహారు మంది పిల్లలకు మందు ఇస్తే పది మందిలో గుణం కనిపించింది. ఆ వ్యాసం పేరులోనే ఈ ఉపశమనం తాత్కాలికమని ఫార్బర్ రాసుకున్నాడు. ఆ నిజాయితీ మాకు నచ్చింది. జబ్బు తిరగబెట్టింది, ఆ మొదటి పిల్లవాడు కూడా అదే సంవత్సరం చనిపోయాడు. మందు ఊరికే రాలేదు. నోరంతా పుండ్లు పడేవి, రక్తస్రావమయ్యేది.

ఈ పని చూసి అదే ఆసుపత్రిలో కొందరు వైద్యులు మండిపడ్డారు. చావు ఖాయమైన పసివాళ్ళను సూదులతో, విషం లాంటి మందుతో ఇంకా హింసించడం ఎందుకు, ప్రశాంతంగా పోనివ్వరాదా అన్నది వారి వాదన. కొందరు చిన్న డాక్టర్లు ఆ పిల్లల పని చేయడానికే ఇష్టపడలేదు. డెబ్బై ఏళ్ళు దాటిన తర్వాత, ఫలితం తెలిసిన మనం వారిని మూర్ఖులనుకోవడం సులభం. మేము అలా అనుకోవడం లేదు. వారు ఆ పిల్లల నోటి పుండ్లు చూశారు, ఏడుపు విన్నారు. ఫార్బర్ కూడా క్రూరుడు కాడు. పిల్లవాడి జబ్బుతో పాటు కుటుంబం మనసు, ఖర్చు, దిగులు అన్నీ కలిపి చూసుకోవాలని, ఇంటి పరిస్థితి తెలుసుకునే సేవకులూ వైద్యంలో భాగమేనని పట్టుబట్టినవాడు ఆయన. ఒకే మంచం దగ్గర రెండు కనికరాలు తగువులాడుకున్నాయి.

సుబ్బారావు మందుల కథలో ఇంకో రోగి ఉన్నాడు. బేబ్ రూత్, అమెరికా బేస్‌బాల్ ఆటలో మన దగ్గర క్రికెట్ వీరులకు ఉన్నంత పేరున్నవాడు. ముక్కు వెనక భాగంలో కాన్సర్. 1947లో ఆయనకు లెడర్లీ వారి టెరోప్టెరిన్ ఇచ్చారు. కొన్నాళ్ళు నొప్పి తగ్గింది, ఒళ్ళు వచ్చింది, మాట కాస్త తేరుకుంది. తర్వాత జబ్బు మళ్ళీ పైకొచ్చింది. 1948 ఆగస్టు 16న మరణించాడు. అందుకు సరిగ్గా వారం ముందు, ఆగస్టు 8 రాత్రి పడుకున్న సుబ్బారావు మరునాడు లేవలేదు. గుండెపోటు. వయసు యాభై మూడు. పేరు కోసం ఎన్నడూ పాకులాడలేదు, పత్రికలవారికి ఎదురుపడేవాడు కాదు. అందుకేనేమో, తన దేశంలోనే ఆయన పేరు చాలామందికి తెలియదు. శతజయంతి సంవత్సరమైన 1995లో తపాలా బిళ్ళ వేశారు.

ఆయన పోయాక మందు కథ ఆగలేదు. అమినోప్టెరిన్‌కు తోబుట్టువు మెథోట్రెక్సేట్. 1956లో గర్భసంచిలో పుట్టే ఒక రకం కాన్సర్ ఒళ్ళంతా పాకిన స్త్రీలకు దాన్ని ఇస్తే పూర్తిగా నయమైంది. ముదిరిన కాన్సర్ మందుతోనే నయమవడం అదే మొదలు. పిల్లల రక్త కాన్సర్‌లో మిగతా మందులతో కలిపి ఇస్తూ, సంపన్న దేశాలలో ఇవాళ నూటికి ఎనభై, తొంభై మందిని బ్రతికిస్తున్నారు. మన దేశంలో ఆ సంఖ్య ఇంకా తక్కువే. సగంలో వైద్యం మానేసేవాళ్ళు ఉండటం ఒక కారణం. కనుక కాన్సర్ అనగానే ఎందుకొచ్చిన కీమో, ఇంటికి పోదాం పదండి అనేవారిని మేము సమర్థించము. చిన్న పిల్లవాడికి రక్త కాన్సర్ అని తేలితే ఎంత దూరమైనా తీసుకుపోవాలి. మొదటి దశలో దొరికిన రొమ్ము కాన్సర్‌కు కీమో మానకూడదు. నాటు మందు అంటూ ఆరు నెలలు పోగొట్టుకుని, చేయి దాటాక పరుగెత్తడం మన దగ్గర జరిగే పెద్ద నష్టం.

అయితే ఆ పదహారు మంది పిల్లల విషయంలో ఒక సంగతి మరవకూడదు. అప్పటికి వేరే దారి లేదు. మందు కొత్తది, ఏమవుతుందో ఫార్బర్‌కు కూడా తెలియదు. తెలుసుకోవడానికే ఇచ్చాడు. ఇవాళ మన ఇంటి పెద్దకు మూడో రకం మందు కూడా పనిచేయక, కాలేయానికి, ఊపిరితిత్తులకు పాకి, రోజులో ఎక్కువ భాగం మంచం మీదే ఉంటున్నప్పుడు నాలుగో రకం మందు ఏమి చేస్తుందో వైద్యులకు చాలామటుకు తెలుసు. చాలా కాన్సర్లలో ఆ స్థితిలో అది ఆయుష్షు పెంచదు. వాంతులు, నీరసం, నోటి పుండ్లు మాత్రం తప్పవు. తెలిసిన సంగతి రోగికి చెప్పకపోవడం దగ్గరే తప్పు మొదలవుతుంది. డాక్టర్ చెప్పడు, మనం అడగము. రోగికి తెలియకూడదని ఇంటివాళ్ళం ఫైలు దాచేస్తాము. ఆయనకు తెలియదనుకుంటాము. ఆయన మన ముఖాలు చూసి ఎప్పుడో గ్రహించి, మన బాధ చూడలేక తెలియనట్టే ఉంటారు. ఇద్దరూ నటిస్తూ ఉండగానే ఆఖరి నెల గడిచిపోతుంది.

అమినోప్టెరిన్ బోస్టన్ చేరిన ఆ చలికాలంలోనే లండన్‌లో ఇంకో కథ నడిచింది. డేవిడ్ టాస్మా అనే పోలండ్ యూదు శరణార్థి, దిక్కులేనివాడు, కాన్సర్‌తో ఆసుపత్రిలో ఉన్నాడు. ఆసుపత్రి సామాజిక సేవకురాలు సిసిలీ సాండర్స్ అతని దగ్గర కూర్చుని మాట్లాడేది. క్రైస్తవ విశ్వాసి, అంతకుముందు నర్సు. చనిపోయే వారికి ప్రత్యేకమైన ఇల్లు ఎలా ఉండాలో ఇద్దరూ చెప్పుకునేవారు. 1948 ఫిబ్రవరిలో అతను పోతూ, ఆ ఇంట్లో ఒక కిటికీ కోసమని అయిదు వందల పౌండ్లు ఆమెకు రాసిపోయాడు. ఆ కిటికీ చుట్టూ ఇల్లు కట్టడానికి ఆమెకు పందొమ్మిదేళ్ళు పట్టింది. మధ్యలో డాక్టర్ చదువు చదివింది. నొప్పి వచ్చాక కాక, రాకముందే గంట ప్రకారం నోటి ద్వారా మార్ఫిన్ ఇస్తే రోగి మత్తులో పడిపోకుండా, నొప్పి లేకుండా, మనుషులతో మాట్లాడుతూ ఉండగలడని చూపించింది. 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచారు. ఉపశమన వైద్యం, పాలియేటివ్ కేర్ అని ఇవాళ మనం వింటున్నది అక్కడ రూపం దిద్దుకుంది.

ఈ వైద్యం అంటే చేతులెత్తేయడమని మనవాళ్ళలో ఒక అపోహ. ఫార్బర్ పనిచేసిన బోస్టన్ నగరంలోనే ఊపిరితిత్తుల కాన్సర్ ముదిరిన 151 మంది మీద జరిగిన అధ్యయనం 2010లో వెలువడింది. సగం మందికి మామూలు కాన్సర్ వైద్యం, మిగతావారికి దానితో పాటు మొదటి నుంచీ ఉపశమన వైద్యం ఇచ్చారు. రెండో వర్గంవారు ఆఖరి దినాలలో తీవ్రమైన చికిత్స తక్కువగా తీసుకున్నారు. దిగులు తక్కువ, నెమ్మది ఎక్కువ. అంతేకాదు, వారే ఎక్కువ కాలం బ్రతికారు: మొదటి వర్గంలో మధ్యస్థ ఆయుష్షు సుమారు తొమ్మిది నెలలైతే, వీరికి పదకొండున్నర నెలలు దాటింది.

భూపాలపల్లి నుంచి హైదరాబాద్ రెండు వందల కిలోమీటర్లు దాటుతుంది. లేవలేని మనిషిని అంబులెన్సులో పడుకోబెట్టి, గతుకులకు ఎముకల నొప్పితో అరుస్తుంటే తీసుకుపోవడం, అక్కడ వరండాలో చాప మీద రెండు రాత్రులు, తోడుపోయిన కొడుకు గనిలో డ్యూటీకి సెలవు పెట్టడం లేదా కూలి పోగొట్టుకోవడం. ఆరోగ్యశ్రీ కార్డు ఉన్నా ఈ ఖర్చు దేనిలోనూ రాదు. హైదరాబాద్‌లోని ఎం.ఎన్.జె. కాన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ విభాగం ఉంది. రాష్ట్ర ప్రభుత్వం జిల్లాలలోనూ ఇటువంటి కేంద్రాలు పెట్టింది. మార్ఫిన్ మాత్ర ఖరీదైనది కాదు. మత్తుపదార్థాల చట్టం 1985లో వచ్చాక దొరకడం కష్టమైంది. 2014లో చట్టం సవరించి, గుర్తింపు పొందిన ఆసుపత్రులు సులువుగా ఉంచుకునేలా చేశారు. అడిగేవాళ్ళు కావాలి. నొప్పికి మాత్ర అడగడం లోకువ కాదు. అలవాటు పడిపోతారేమోనని, ఆయుష్షు తగ్గుతుందేమోనని భయపడి ఆపవలసిన పనీ లేదు. వైద్యుడు చూసి మోతాదు ఇచ్చినప్పుడు ఆ భయాలకు ఆధారం లేదు.

పరామర్శకు వెళ్ళే సంఘ పెద్దలకు, పాస్టర్లకు ఒక మనవి. రోగి మంచం పక్కన స్వస్థత ప్రార్థన చేయండి, ఎవరూ వద్దనరు. అయితే ఇంకో కీమోకు ఒప్పుకోకపోతే విశ్వాసం లేనట్టేనని చెప్పకండి. రోగిని ఒక్క అయిదు నిమిషాలు ఒంటరిగా పలకరించి, ఏమి కోరుకుంటున్నారో, ఎవరిని చూడాలనుకుంటున్నారో అడగండి. మందు ఆపడం వేరు, ప్రాణం తీయడం వేరు. రెండోదానికి మన చట్టం ఒప్పుకోదు. మొదటిదానికి 2018 మార్చి 9న సుప్రీంకోర్టు దారి చూపింది. నయమయ్యే ఆశ లేని స్థితిలో వెంటిలేటరు వంటి చికిత్సలు తనకు వద్దని మనిషి తెలివిగా ఉన్నప్పుడే రాసి పెట్టుకోవచ్చు. అప్పట్లో దానికి మేజిస్ట్రేట్ సంతకం అవసరమయ్యేది, అందుకే ఎవరూ రాయలేదు. 2023 జనవరిలో కోర్టు దాన్ని తేలిక చేసింది. ఇద్దరు సాక్షులు, నోటరీ గాని గెజిటెడ్ అధికారి గాని ధ్రువీకరిస్తే చాలు. సమయం వచ్చినప్పుడు ఆసుపత్రిలో రెండు వైద్య బృందాలు పరిశీలించాకే అమలు చేస్తారు. మన సంఘాలలో గెజిటెడ్ హెడ్‌మాస్టర్లు, డాక్టర్లు ఉన్నారు. కాగితం రాసుకున్నవారు దాన్ని బీరువాలో పెట్టి తాళం వేయకుండా, పిల్లలలో ఒకరికి, చూసే డాక్టరుకు ఒక్కో నకలు ఇచ్చి ఉంచండి.